నీటిలో దాగిన నిప్పు

పరమేశ్వరుని అష్టమూర్తులలో జలమొకటి, అగ్ని యొకటి. లోకదృష్టికి ఇవి రెండును ఒండొంటికి శత్రువులు. నీరు పడిన నిప్పు చల్లారును. నిప్పు పెరిగిన నీరు ఇగిరిపోవును. అయినను ఈ రెండు మూర్తులను ధరించినవాడు ఒక్కడే యగుటచే, వీని నడుమ పైకి కానరాని చుట్టరికమేదో ఉండవలెను గదా! బసవేశ్వరుడు జీవునియందు గుప్తముగా నున్న శివతత్త్వమును చెప్పదలచి, నీటిలో దాగియున్న అగ్నిని ఒక వచనమున ఉపమానముగా గ్రహించెను. చూచిన నీరే, ముట్టిన చల్లననే యుండును, లోపల మాత్రము నిప్పున్నది. సముద్రగర్భమున బడబాగ్ని కలదను పురాణవార్త ఎరిగినవారికి ఆ మాట క్రొత్త కాకపోవచ్చును. కాని ఇంట బిందెలోని నీటియందును, ఆ నీటి ప్రతి బొట్టునందును, దాగిన వేడి నిజముగనే కలదని 18వ శతాబ్దిలో తేలినది. దానిని తూచిరి కూడ.

ఇట చెప్పువారును వినువారును జాగరూకులై యుండవలసిన తావొకటి కలదు. ఏ శాస్త్రసత్యము బయల్పడినను అది తమ గ్రంథములలో పూర్వమే కలదని చాటు ప్రవచనకారులు కొందరున్నారు. శరణులు ఉష్ణమాపకము చేతబట్టినవారు కారు. కల్యాణమున అనుభవమంటపమందు విచారింపబడినది జీవుని బంధమును, దాని విడుదలయును. మంచుగడ్డ కరగు లెక్క అచట ఎవరును వేయలేదు. బసవని మాటకు ప్రయోగశాల ముద్ర వేయించిన దాని విలువ పెరుగదు, వేయింపకున్న తరుగదు. అయితే ఈశ్వరసృష్టిలో ఒకచోట కనబడిన మర్యాద మరియొకచోటి మర్యాదను గ్రహించుటకు తోడ్పడుట కలదు. పోలికను పోలికగానే ఉండనిచ్చి, అది ఎంతదూరము వచ్చునో అంతదూరమే దానితో నడచుట వివేకము.

మొట్టమొదట ఉష్ణము వేరు, ఉష్ణోగ్రత వేరు అని తెలియవలెను. ఉష్ణోగ్రత వేడియొక్క తీవ్రత. ఉష్ణము వేడియొక్క రాశి. దీపావళినాడు పిల్లలు కాల్చు కాకరపువ్వొత్తినుండి రాలు రవ్వ 1000 డిగ్రీలకు మించిన తీవ్రత కలది. అది చేతిమీద పడిన చురుక్కుమని ఆరిపోవును. స్నానమునకు కాచిన నీరు 60 డిగ్రీలే యుండును. అందు చేయి ముంచిన బొబ్బలెక్కును. రవ్వలో తీవ్రత హెచ్చు, రాశి స్వల్పము. నీటిలో తీవ్రత తక్కువ, రాశి అపారము. భక్తివిషయమునను ఈ రెంటిని ఒకటిగా భ్రమించుట సర్వత్ర కనబడుచున్నది. జయంతినాడు ఊరేగింపులో గొంతు చించుకొని జయజయధ్వానములు చేయువాని తీవ్రతను చూచి జనులు అబ్బురపడుదురు. ఏటి పొడుగునను మఠమునకు వచ్చినవారికి కాళ్లు కడుగ నీరిచ్చి, విస్తరి వేసి, ఎంగిలాకు తీయు ముసలిదానిని ఎవరును చూడరు. ఆమెలో రాశి యున్నది. రవ్వలు ఆరిపోయిన తరువాత మఠమునకు దిక్కు ఆమెయే.

ఉష్ణోగ్రతను కొలుచు కొలబద్దకు ఆధారము నీరే యగుట గమనింపదగినది. 1742లో స్వీడన్ దేశమందు ఉప్సాలా పట్టణమున నుండిన ఖగోళశాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్, నీరు గడ్డకట్టు స్థానమునకును మరుగు స్థానమునకును నడుమ 100 భాగములు చేసెను. ఆయన మొదట మరుగు నీటికి 0 అనియు, గడ్డకట్టు నీటికి 100 అనియు అంకెలు వేసెను! 1744లో ఆయన గతించిన పిమ్మట ఆ వరుసను తిరుగవేసిరి. ఎక్కువ తక్కువల యంకెలు మనుష్యులు వేసుకొన్నవే యని చెప్పుటకు ఇంతకన్న చక్కని నిదర్శనము దొరకదు. నీరు మాత్రము ఎవరు ఏ యంకె వేసినను తన చోటుననే గడ్డకట్టుచు, తన చోటుననే మరుగుచు నున్నది.

ఇక దాగిన వేడి సంగతి. స్కాట్లండునందు గ్లాస్గో విశ్వవిద్యాలయమున బోధకుడై యుండిన జోసెఫ్ బ్లాక్ అను పండితునకు 1760 తరువాతి యేండ్లలో ఒక సందేహము కలిగెను. మంచు కరగు స్థానమునకు వచ్చిన తరువాత మరికొంచెము వేడి సోకిన చాలును, అంతయు ఒక్కుమ్మడిగా నీరగునని ఆనాటివారు నమ్మియుండిరి. అదియే నిజమైనచో కొండలమీది మంచు వసంతము రాగానే ఒక్కనాడే కరగి లోయలలోని ఊళ్లనన్నింటిని ముంచివేయవలెను గదా, అట్లు జరుగకుండుటకు కారణమేమి యని ఆయన యోచించెను. రెండు పలుచని గాజుపాత్రలు తీసికొని, ఒకదానియందు గడ్డకట్టిన నీటిని, వేరొకదానియందు అంతే తూకముగల అతిశీతలమైన నీటిని ఉంచి, రెంటిని ఒకే గదిలో వ్రేలాడదీసెను. చల్లని నీరు ఫారన్‌హీటు కొలతలో 33 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు వచ్చుటకు అరగంట పట్టెను. మంచు కరగి అదే 40 డిగ్రీలకు వచ్చుటకు పదిన్నర గంటలు పట్టెను. గదిలోని గాలి రెంటికిని వేడి నిచ్చుచునే యున్నది. నీటియొక్క వేడి ఉష్ణమాపకమందు కనబడెను. మంచు పుచ్చుకొన్న వేడి కనబడలేదు. ఆ కనబడని వేడికి ఆయన పెట్టిన పేరునకే తెలుగున గుప్తోష్ణమని వాడుక.

దాని కొలత యేమి? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడిచేయుటకు పట్టు ఉష్ణమునకు ఒక కేలరీ యని పేరు. సున్న డిగ్రీల యొద్దనున్న ఒక గ్రాము మంచు సున్న డిగ్రీల యొద్దనే నీరగుటకు సుమారు 80 కేలరీలు కావలెను. ఆ నీరు 100 డిగ్రీలకు కాగుటకు 100 కేలరీలు. 100 డిగ్రీల నీరు 100 డిగ్రీల ఆవిరి యగుటకు సుమారు 540 కేలరీలు. అనగా మంచు కరగుటలో గుప్తమైపోవు వేడితో అదే నీటిని 80 డిగ్రీల వరకు కాచవచ్చును!

ఈ లెక్కను పొయ్యిమీద పెట్టి చూచిన మరింత తేటపడును. ఒకే తీరున మండు నిప్పుమీద 10 డిగ్రీలు సున్నకు దిగువనున్న మంచును ఉంచి, వేడి వృథా పోలేదనుకొని, అది సున్న డిగ్రీలకు వచ్చుటకు 1 నిమిషము పట్టినదనుకొనుడు. ఈ మొదటి నిమిషమున ఉష్ణమాపకములోని పాదరసము పరుగెత్తును. మంచునకు వేడెక్కుటకు కావలసిన ఉష్ణము నీటికి కావలసినదానిలో సగమే. అంతట పాదరసము ఆగును. 16 నిమిషములపాటు నిప్పు మండుచునే యుండును, అంకె కదలదు. తరువాత 20 నిమిషములలో నీరు మరుగును. మరల అంకె ఆగును. ఆ నీరంతయు ఆవిరి యగుటకు 108 నిమిషములు, అనగా రెండు గంటలకు కొంచెము తక్కువ పట్టును. మొత్తము కాలములో ఉష్ణమాపకము కదలినది 21 నిమిషములే. తక్కిన 124 నిమిషములు అది కదలక నిలిచియున్నది. నీటి స్థితి మారినదంతయు ఆ నిలిచిన కాలముననే.

ఒక ఇల్లాలు మఠమునకు వచ్చి గురువును ఇట్లడిగినదనుకొనుడు. "అయ్యగారూ, నేను దీక్ష పుచ్చుకొని 16 ఏండ్లయినది. మొదటి యేడు ఇష్టలింగమును అరచేత నుంచుకొనగనే కన్నుల నీరు కారెడిది, మనసు తేలికయ్యెడిది. ఇప్పుడు చేయి పూజ చేయుచున్నది, మనసు రాయివలె నున్నది. విభూతి పూసుకొనుచున్నాను, మంత్రము జపించుచున్నాను. ఏమియు కదలుట లేదు. మానివేసిన దోషమగునా? మానక చేయుటయే దొంగతనమువలె తోచుచున్నది."

ఇది అల్పమైన ప్రశ్న గాదు. పెక్కు గృహములలో పూజ మానుట నాస్తికత్వమువలన కలుగుట లేదు, ఈ దిగులువలననే కలుగుచున్నది. ప్రశ్నించినవారిని గద్దించి పంపివేయు గురువులును, పుణ్యము లెక్కచెప్పి ఊరడించు గురువులును కలరు. ఆ రెంటివలనను ఆమెకు ప్రయోజనము లేదు.

గురువు ఆమెను తిరిగి అడుగవలసినది యిది. "తల్లీ, ఈ 16 ఏండ్లలో, మాటలు మానివేసినవారితో ఎవరితోనైన మరల మాటలాడితివా?" ఆమె కొంత తడవు తలవంచుకొని, "చెల్లెలితో ఆడితినయ్యా. పొలము తగవున 9 ఏండ్లు మాటలు లేవు. నిరుడు దాని కొడుకు పెండ్లికి పిలువకున్నను నేనే పోతిని" అని చెప్పినదనుకొనుడు. "పిలువని పెండ్లికి పోవుటకు కాళ్లెట్లు వచ్చినవి తల్లీ?" "తెలియదయ్యా. పోవలెననిపించినది, పోతిని." ఆమెకు తెలియకపోవుటయే సహజము. అంకె కదలలేదు గనుక తెలియలేదు. నిప్పు 9 ఏండ్లుగా పోయినది ఆ గడ్డలోనికే.

మంచులో వేడి ఏమగుచున్నదో ఇప్పుడు శాస్త్రము చెప్పగలదు. మంచునందు ప్రతి నీటి యణువును చుట్టునున్న నాలుగు అణువులు పట్టి బంధించియుండును. ఆ కట్టడి ఆరు మూలల జాలకమువలె, నడుమ ఖాళీలతో నుండును. కావుననే నీరు గడ్డకట్టునపుడు సుమారు తొమ్మిది పాళ్లు నూటికి పెరుగును, గడ్డ నీటిపై తేలును. సున్న డిగ్రీలకు వచ్చిన పిమ్మట అందిన వేడి అణువుల వేగమును పెంచుటకు పోక, ఈ పట్లను సడలించుటకు వ్యయమగును. శైవపరిభాషలో పట్టునకు పాశమని పేరు. పాశము సడలుచున్నంతసేపు జీవునకు ఉల్లాసము కానరాదు. ఉన్న శక్తియంతయు ఆ పనికే సరిపోవుచుండును.

అయితే ఒక మాట ఉన్నది. పొయ్యి ఆరిపోయినను ఉష్ణమాపకము కదలదు. కదలకుండుటయెల్ల గుప్తమైన పురోగమనమే యని సంతసించుట సోమరితనమునకు తలుపు తెరచుటయే. మధ్యలో నిప్పు తీసివేసిన గడ్డ సగము కరగి నిలిచిపోవును; చలిప్రదేశమైన కరగినదియు మరల గడ్డకట్టును. కావున అంకెను చూచుట మాని రెండు చూడవలెను. పొయ్యిలో నిప్పున్నదా? గడ్డ చిన్నదగుచున్నదా? పూజ నియమముగా సాగుచు, పగ, లోభము, కులగర్వము కొంచెముగానైన కరగుచున్నచో, మనసున ఆనందము లేదని దిగులుపడ పని లేదు. కన్నీరు ధారలు కట్టుచున్నను, వాకిట నిలిచిన పనివానికి కూలి ఎగవేయుట మానకున్నచో, అచట వేడెక్కినది పాత్ర మాత్రమే.

మరుగు నీటిని గూర్చి ఇల్లాండ్రకు తెలిసిన రహస్యమొకటి పండితులకు తెలియదు. ఎసరు మరిగిన తరువాత మంట తగ్గింతురు. మంట పెంచిన నీరు త్వరగా ఇగురును గాని మరింత వేడెక్కదు. ఆవిరి విషయమున జాగ్రత్తయు వారికి తెలిసినదే. ఇడ్లీపాత్ర మూతను తమ వైపునకు ఎత్తరు. 100 డిగ్రీల నీరు ఒక గ్రాము చేతిమీద పడి 40 డిగ్రీలకు చల్లారిన 60 కేలరీలు విడుచును. 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము చేతిమీద నీరై అట్లే చల్లారిన 600 కేలరీలు విడుచును. అంకె యొక్కటే, దెబ్బ పదిరెట్లు. పైకి శాంతముగానుండి లోపల ఏండ్లతరబడి కోపమును దాచుకొన్నవాని సంగతియు నిట్టిదే. అరచువానిని ఇంటివారు తప్పించుకొనగలరు. మాటలాడనివానిచే కాలినవారి మచ్చ మానుటకు చాలకాలము పట్టును. గుప్తమైనదెల్ల మంచిదే యని తలపరాదు.

నీరు ఆవిరియగుటకు మరుగనే యక్కరలేదు. మడివాలు మాచయ్య కల్యాణమున శివభక్తుల వస్త్రములు ఉదికిన శరణుడు. ఆయన ఆరవేసిన బట్టలు ఏ పొయ్యిమీదను మరుగలేదు. ఎండకును గాలికిని ఆరినవి. నీటి ఉపరితలమున వేగము హెచ్చుగా నున్న అణువులు ఏ ఉష్ణోగ్రతయందైనను విడివడి గాలిలో కలియుచునే యుండును. అవి పోవుచు వేడిని తమతో కొనిపోవును గనుక మిగిలిన నీరు చల్లబడును. సాధారణపు వేడియొద్ద ఒక గ్రాము నీరు ఇట్లు పోవుటకు సుమారు 580 కేలరీలు పట్టును. మట్టికుండనుండి ఒక గ్రాము చెమర్చి పోయిన, లోపలి 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లార్చు వేడి పోయినట్లు. తెలంగాణమునను రాయలసీమయందును ఎండకాలపు పొడిగాలికి కుండనీరు జిల్లుమనును. కోస్తాలో గాలియే తేమతో నిండియుండుటచే అంతగా చల్లబడదు. ఇత్తడిబిందె ఒక్క బొట్టును బయటికి పోనీయదు. నడివేసవిలో దాని నీరు త్రాగి చూచిన, ఏమియు పోనీయని యింటి చల్లదన మెట్టిదో తెలియును. దాసోహమును గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసినవారు కలరు. కుండ చెప్పినంత చక్కగా చెప్పినవారు తక్కువ. దానము చేసినందున మిగిలినది తరుగును. ఆ తరిగినదే చల్లగా నుండును.

మాచయ్య బట్టలను బండకు బాదిన శ్రమయు వేడిగా మారినదే. 1798లో కౌంట్ రమ్‌ఫర్డ్ అను నాతడు మ్యూనిచ్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టమును గుర్రముల బలముతో తొలిపించుచు, ఆ రాపిడిచేతనే, నిప్పు లేకయే, చుట్టునున్న నీరు మరుగుట చూపిన వృత్తాంతమును ప్రకటించెను. ఉష్ణమొక ద్రవ్యము కాదు, చలనమే యని అప్పటినుండి తేటపడసాగెను. 1840 తరువాతి యేండ్లలో మాంచెస్టరు దగ్గర జేమ్స్ జౌల్ దాని మారకపు లెక్క కట్టెను. ఒక కిలో బరువు 427 మీటర్లు దిగుటలో జరుగు పని యంతయు కలిసి, ఒక కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయును. ఎంత పనికి ఎంత వేడి! కాయకము చేయువాని చెమట విలువ తెలియక కూలి బేరమాడువారు ఈ లెక్కను ఒకసారి చదువవలెను.

షట్స్థలములతో భూతములకు గల పొత్తును గూర్చి ఒక చిన్న మాట. భక్తస్థలమున ఆచారలింగమునకు పృథ్వి, మాహేశస్థలమున గురులింగమునకు జలము, ప్రసాదిస్థలమున శివలింగమునకు అగ్ని, ప్రాణలింగిస్థలమున జంగమలింగమునకు వాయువు చెప్పబడినవి. ఘనము ద్రవమగుటయు, ద్రవము వాయువగుటయు ఈ వరుసలోనే యున్నట్లు కనబడును. జలమునకును వాయువునకును నడుమ అగ్ని నిలిచియుండుట ముచ్చట గొలుపును. దీనినుండి సిద్ధాంతములు లాగుట తగదు. ధ్యానమునకు చాలును.

శరణసాహిత్యమున ఐక్యస్థలమును చెప్పుటకు వడగల్లు నీటిలో కరగుట తరచు కనబడు పోలిక. వేసవిలో గాలివాన వచ్చునపుడు మేఘముల పైభాగమున, సున్నకు మిక్కిలి దిగువన చల్లబడినను గడ్డకట్టక మిగిలిన నీటిబొట్లు గడ్డను తాకగానే దానికంటుకొని గడ్డలగును. పైకెగయు గాలి వానిని మోయుచుండగా పొరమీద పొర పేరుకొనును. పెద్ద వడగల్లును కోసి చూచిన ఉల్లిగడ్డవలె పొరలు కనబడును. ప్రతి పొరయు అది తిరిగిన మేఘమునందలి ఒక తావునకు గుర్తు. జన్మవాసనల కంతకన్న మంచి బొమ్మ లేదు. వాకిట తొట్టిలో పడినపుడు టప్పుమని చప్పుడు చేయును, కొంతసేపు వేరుగా తేలును, తరువాత ఏ పొర ఎచటనున్నదో, ఏ బొట్టు ఎవరిదో చెప్పలేము. కరగుటకు అది తీసికొన్న వేడి తొట్టిలోని నీటిదే. తనలో చేరవచ్చినదానిని కరగించుటకు ఆ నీరు తాను చల్లబడినది. గురుకారుణ్యమను మాటకు ఇది సరియైన అర్థము.

ఇచటనే పోలిక తెగును. నీరు మరల గడ్డకట్టగలదు. అట్లు గడ్డకట్టునపుడు పుచ్చుకొన్న 80 కేలరీలను ఒక్కటియు తగ్గక మరల ఇచ్చివేయును. అందుచేతనే శీతలదేశములలో రైతులు కూరగాయల నేలమాళిగలలో నీటితొట్లు ఉంచెడివారు. తొట్టినీరు గడ్డకట్టుచు విడుచు వేడి కూరలను కాపాడెడిది. నీటికి రాకపోకలు కలవు. ఐక్యుడైన శరణునకు పునరావృత్తి లేదని సిద్ధాంతము. కరగి మరల గడ్డకట్టువానిని ఐక్యుడనుట కుదరదు; అతడింకను వేసవి చూచిన మంచు మాత్రమే. ఐక్యుడని పేరుపెట్టుకొని, గౌరవములో ఇసుమంత లోపము కలుగగనే గడ్డకట్టు పెద్దలను గూర్చి విశేషముగా చెప్పనక్కరలేదు.

వీరశైవ పంచపీఠములలో కేదారమొకటి. దాని మఠము ఊఖీమఠమున నున్నది. కేదారనాథుని ఆలయమున రావళ్లుగా నుండువారు కర్ణాటకమునుండి వెళ్లిన వీరశైవులు. ఆలయము సుమారు 3,580 మీటర్ల ఎత్తున కలదు. అంత ఎత్తున గాలి యొత్తిడి తక్కువ గనుక నీరు 88 డిగ్రీల దగ్గరనే మరుగును. మరుగుచున్నను పప్పు ఉడుకుటకు చాలసేపు పట్టును. తెలుగునేలనుండి పోయిన యాత్రికులు ఇది చూచి కట్టెలు చాలలేదని వంటవానిని నిందించుట కలదు. నిప్పు లోపము కాదది, ఒత్తిడి లోపము. ప్రెషర్ కుక్కరులో ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచుటచే నీరు 120 డిగ్రీల దగ్గరగా కాగి మరుగును. కొండమీదను పప్పు ఉడుకును. నియమము బరువని విసుగుకొనువారు, ఆ బరువు తీసివేసిన పాత్రలో ఏమి ఉడికినదో మూత తీసి చూచుకొనవచ్చును.

కార్తికమున దీపావళి తరువాత కేదారాలయము తలుపులు మూయబడును. స్వామి ఉత్సవమూర్తిని ఊఖీమఠమునందలి ఓంకారేశ్వరాలయమునకు తెచ్చి, చలికాలమంతయు అచట పూజింతురు. అక్షయతృతీయ ప్రాంతమున మరల పైకి గొనిపోవుదురు. ఆ నెలలన్నియు ఆలయముచుట్టు మంచు మనిషియెత్తున పేరుకొనును. వసంతమున సూర్యుడెంత కాసినను అది ఒక్కనాట కరగదు; ప్రతి గ్రాము తన 80 కేలరీలు పుచ్చుకొనిన గాని కదలదు. బ్లాక్ పండితుడు భయపడిన వరద రాకుండుటకు కారణమదియే. 2013 జూన్ 16, 17 తేదీలలో మాత్రము ఎడతెరపిలేని కుండపోత వానయు, కరగిన మంచునీరును ఏకమై, పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి, కేదారపురము కొట్టుకొనిపోయెను. వేలమంది ప్రాణములు కోల్పోయిరి. ఆలయము వెనుకకు దొర్లివచ్చి నిలిచిన పెద్దబండ ప్రవాహమును చీల్చుటచే గుడి నిలిచినది. ఆ యేడే సెప్టెంబరు నెలలో మరల పూజలు సాగించిరి. తక్కిన యేండ్లయందు అచటి మంచు మెల్లమెల్లగా, రోజునకు కొంత, మందాకినిగా దిగివచ్చి రుద్రప్రయాగయందు అలకనందలో కలియును. దేవప్రయాగయొద్ద భాగీరథియు చేరగా, అచటినుండి దానికి గంగ యని పేరు.